దానానికి ఒక ఊరుండేది

ఈ మధ్య ఎవరి పుట్టినరోజు చూసినా అనాథాశ్రమంలోనే జరుగుతోంది. పెద్ద కేకు, బెలూన్లు, వెంట ఒక ఫోటోగ్రాఫరు. పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, ఎవరో తెలియని మనిషికి చప్పట్లు కొట్టిస్తారు. అన్నం పెట్టేముందు ఒక ఫోటో, పెట్టాక ఒక ఫోటో. చీకటి పడేలోగా ఆ పసివాళ్ల మొహాలు ఊరందరి ఫోన్లలోకీ వచ్చేస్తాయి. వాళ్లకి రేపు పొద్దున్న ఏం పెడతారో, పదో తరగతి అయ్యాక ఎక్కడ చదువుతారో కేకు కోసినవాళ్లలో ఒక్కరూ అడిగి ఉండరు. నాకు కడుపు మండేది అక్కడే. పెట్టినందుకు కాదు. పెట్టి, మళ్లీ అటు తొంగిచూడనందుకు.

మా రోజుల్లో ఇలా లేదంటే మనవలు విసుక్కుంటారు. విసుక్కున్నా చెప్పక తప్పదు. మాది కోనసీమ. జీవితమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఎంత బీద పిల్లవాడు ఎంత దూరం పోగలడో, ఎంత చిన్న ఖర్చు దగ్గర ఆగిపోతాడో కళ్లారా చూశాను. పరీక్ష ఫీజు దగ్గర ఆగినవాళ్లున్నారు. కళ్లజోడు దగ్గర ఆగినవాళ్లున్నారు. అందుకని ఇవాళ ఊళ్లో పారే డబ్బు చూస్తుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. పెళ్లికి ముందు తీసే వీడియోకి లక్షలు. జాతరకి డీజే. నాయకుడి పుట్టినరోజుకి కాలవ వంతెన దగ్గర్నుంచి బస్టాండు దాకా ఫ్లెక్సీలు. వారం తిరక్కుండా అవి చిరిగి కాలవలో పడతాయి. లేమి వల్ల ఇవ్వలేకపోతున్నామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మనసు లేదని కూడా అనను. ఎక్కడో పేరు తెలియని ఊళ్లో పసిబిడ్డకి ఆపరేషనుందని ఫోనులో వీడియో వస్తే, మా వీధి కుర్రాడు మరుక్షణం ఐదొందలు పంపించాడు. మంచి కుర్రాడు. కానీ వాళ్ల వెనక వీధిలోనే ఒక మనిషి డయాలసిస్ కోసం వారానికి రెండుమూడుసార్లు పట్నం వెళ్లొస్తున్నాడని ఆ కుర్రాడికి తెలియదు. వైద్యం ప్రభుత్వ పథకంలో ఉచితమే. ఆటో ఉచితం కాదు. తోడు వెళ్లే భార్యకి ఆ రోజు కూలి రాదు. ఆ ఇంట్లో అప్పు పెరిగేది మందుల వల్ల కాదు, దారిఖర్చుల వల్ల. ఈ సంగతి వీడియో తీసి పంపేవాడు ఎవడూ లేడు గనక ఎవరికీ పట్టలేదు. వెయ్యి మైళ్ల అవతలి కష్టం అరచేతిలోకి వచ్చింది, పక్క గోడ అవతలి కష్టం మాత్రం కనపడకుండా పోయింది.

మా చిన్నప్పుడు లంక ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలు వారాలు చేసుకునేవారు. ఆదివారం కరణంగారింట్లో, సోమవారం మా ఇంట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏడిళ్లు కుదిరాయంటే ఆ కుర్రాడి చదువు సాగినట్టే. ఆ ఏడిళ్లూ కుదిర్చేది హెడ్మాస్టరుగారో, నలుగురి మాట తెలిసిన ఏ పెద్దావిడో. సోమవారం వచ్చే అబ్బాయికి మా అమ్మ విడిగా వండేది కాదు. మాకేది ఉంటే అదే, మా పక్కనే పీట. మా ఇంట్లో మైల వచ్చిందనుకోండి, పక్కింటి పిన్నిగారికి ముందే కబురు వెళ్లేది. ఆ సోమవారం ఆవిడ చూసుకునేది. ఆ అబ్బాయి పస్తుండకూడదన్న పట్టింపు ఏ కాగితం మీదా రాసిలేదు, అయినా ఎవరూ తప్పేవారు కాదు. అన్నం పెట్టి ఊరుకునేవారూ కాదు. మార్కులు తగ్గితే ఏడిళ్లలోనూ చీవాట్లు పడేవి. చొక్కా చిరిగితే ఏదో ఒక ఇంట్లో కుట్టి ఇచ్చేవారు. జ్వరం వస్తే ఎవరింటి అరుగు మీద పడుకోబెట్టాలో కూడా తెలుసు. ఇప్పుడు అనాథాశ్రమానికి కేకు పట్టుకెళ్లేవాళ్లకి లేనిదీ, అప్పటి వాళ్లకి ఉన్నదీ, పెట్టిన తర్వాత కూడా చూసుకునే ఈ పట్టింపే.

ఆ పట్టింపు ఒక పిల్లవాణ్ణి ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే టంగుటూరి ప్రకాశంగారి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. తండ్రి పోతే తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ కుర్రాణ్ణి చేరదీశారు, రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. బడిపంతులు జీతంలోంచి చేసిన ఖర్చు అది. ఆ కుర్రాడే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి.

ఇక్కడ ఒక నిజం చెప్పకుండా ముందుకు వెళ్లను. ఆ వారాలు అందరి పిల్లలకీ దొరకలేదు. దళితవాడ నుంచి బడికొచ్చిన కుర్రాడికి మా వీధుల్లో ఏ ఇంటా పీట వేయలేదు. సత్రాల్లోనూ అంతే, గుమ్మంలోనే కులం అడిగేవారు. ఊరి బావి అని పేరు, ఊళ్లో సగం మందిని దగ్గరకి రానివ్వలేదు. భాగ్యరెడ్డి వర్మగారు 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి మొదలుపెట్టి, ఆ తర్వాత దళిత పిల్లల కోసం బడులు తెరిపించాల్సి వచ్చిందంటే, మిగతా ఊరు తన ధర్మం ఎంతవరకని గీత గీసుకుందో తెలుస్తుంది. మా రోజుల్ని నేను పొగిడేది ఆ గీతతో కలిపి కాదు. చూపు దగ్గరగా ఉండటం వరకే మాకు తెలుసు. ఆ చూపు అందరి మీదా పడాలన్నది ఇప్పటి పిల్లలకి మాకంటే బాగా తెలుసు. అది తెలిసినవాళ్లు దగ్గర చూపు పోగొట్టుకోవడమే నాకు బాధ.

మాకంటే పాతవాళ్లకి ఇంకొక సంగతి తెలుసు. ఇచ్చేది ఒకనాటి పని, నిలిపేది ఎల్లకాలం పని అని. సప్తసంతానాలని చెప్పేవారు: కొడుకు, నిధి, గుడి, చెరువు, కావ్యం, వనం, అగ్రహారం. మనిషి పోయాక పేరు నిలిపేవి ఈ ఏడూనట. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకి ఉండాల్సినవి పన్నెండు, రాకూడని దోషాలు ఆరు అని శాసనంలోనే చెక్కించారు. చూశారా, దాత పేరుతో పాటు, ఆ పని బాగా ఉందో లేదో తేల్చుకునే కొలతలు కూడా రాతి మీద పెట్టారు. కాకతీయుల నాటి నుంచీ దశబంధమనే పద్ధతి ఉండేది. చెరువు తవ్వించినవాడికో, తెగిన గట్టు వేయించినవాడికో పదోవంతు లెక్కన భూమో దాని ఆదాయమో ఇచ్చేవారు, చెరువు బాగోగులు చూస్తుండాలన్న షరతు మీద. చెరువు కట్టడానికి డబ్బు వేరు, చెరువుని కాపాడటానికి డబ్బు వేరు, రెండోది లేకపోతే మొదటిది దండగ అని ఏడెనిమిది వందల ఏళ్ల నాడే వాళ్లకి అర్థమైంది.

మా ఊరివాళ్లకి ఇవాళ అర్థం కావడం లేదు. అమెరికాలో ఉన్న పిల్లలు నలుగురు కలిసి మంచినీళ్ల ఆర్వో ప్లాంటు పెట్టించారు. ప్రారంభోత్సవానికి టెంట్లు వేశారు, శాలువాలు కప్పారు. రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత మెంబ్రేను మార్చాలన్నారు, ఆపైన మోటారు కాలింది. పంచాయతీని అడిగితే పద్దు లేదన్నారు. అమెరికా పిల్లల్ని అడగడానికి ఇక్కడివాళ్లకి మొహమాటం. ఇప్పుడు గదికి తాళం, గోడ మీద దాతల పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ పక్కనే హైస్కూల్లో డిజిటల్ బోర్డు పరిస్థితీ అదే. ఊరి మొదట్లో సిమెంటు ఆర్చి ఒకటి లేచింది, ఎవరిదో తండ్రిగారి పేర. ఆ ఆర్చి ఖర్చు బ్యాంకులో వేసుంటే ఆ వడ్డీతో హైస్కూలు ఆడపిల్లల మరుగుదొడ్లు కడిగే మనిషికి జీతం వచ్చేది, ఎప్పటికీ. ఆ మాట అంటే, మరుగుదొడ్డి మీద నాన్నగారి పేరు రాయించుకుంటామా అన్నారు. ఆ పిల్లలు నీళ్లు తాగడం మానేసి సాయంత్రం దాకా ఓర్చుకుంటున్న సంగతి తెలిస్తే ఆయనే ముందు ఇచ్చేవారని నా నమ్మకం. పెద్దాయన నాకు తెలుసు.

ఒకప్పుడు మావాళ్లకి అమెరికా అంటే రంగూనే. గోదావరి తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లి, రెక్కల కష్టంతో పైకొచ్చినవాళ్లు ఎందరో. వాళ్లలో మల్లాడి సత్యలింగం నాయకర్‌గారు ఒకరు. రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని ధర్మానికి వీలునామా రాశారు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన పేరిట ఉన్న ఎమ్మెస్సెన్ చారిటీస్ అంటే ఇప్పటికీ చెప్పనక్కర్లేదు. ఆయన ఇచ్చింది గోడలు కాదు, ఆదాయం పుట్టించే ఆస్తి. అందుకే నూరేళ్లు దాటినా ఆయన పేరు మీద పిల్లలు చదువుకుంటున్నారు. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం చూడండి. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918లో మొదలుపెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. మొదట పూనుకున్నవాళ్లు పోయినా పుస్తకాలు దులిపేవాళ్లు, పాత పత్రికలు బైండు చేయించేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. ఒక మనిషి మొదలుపెట్టిందే అయినా ఒక మనిషితో ఆగిపోలేదు.

డొక్కా సీతమ్మగారిని తలుచుకోకుండా మా వైపు వాళ్లం ఈ విషయం మాట్లాడలేం. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చేవాళ్లు ఏ వేళకి వచ్చినా ఆ తల్లి అన్నం పెట్టింది. 1909లో పోయింది. అక్కడి అక్విడెక్టుకి ఆవిడ పేరు, ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. కానీ సీతమ్మగారి లాంటి మనిషి ప్రతి ఊళ్లో, ప్రతి తరంలో పుట్టదు. పుట్టేదాకా ఆకలి ఆగదు. మహాత్ములు లేని ఊళ్లో మామూలు మనుషులం కలిసి ఏం చేసుకోగలమన్నదే నా ప్రశ్న.

పాతవాళ్లు తెలివైనవాళ్లన్నాను. వాళ్లకీ ఒకచోట లెక్క తప్పింది. మా పక్క ఊళ్లో ఒక సత్రం ఉంది. అంతర్వేది తీర్థానికి నడిచివెళ్లే యాత్రికులకి రెండు పూటలా భోజనం పెట్టాలని ఒక పుణ్యాత్ముడు మాగాణి రాసిచ్చాడు. బస్సులొచ్చాయి, వంతెనలొచ్చాయి, నడిచేవాళ్లు పోయారు. దస్తావేజు మాత్రం నడిచేవాళ్లకే అంటోంది. కౌలు నా చిన్ననాటి రేట్లలోనే ఉంది. పొలం ఎవరి చేతుల్లో ఉందో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. సత్రం గోడల్లో రావిచెట్లు మొలిచాయి. ఆ గోడకి ఆనుకునే కాలేజీ అమ్మాయిలు ముగ్గురేసి ఒక అద్దెగదిలో ఉంటూ, ఒక పూట వండుకుని రెండు పూటలు తింటున్నారు. యాత్రికుడికని రాసిన అన్నం ఆ పిల్లలకి పెట్టడానికి లేదు. పెడదామని చూస్తే చట్టం, కోర్టు, దేవాదాయ శాఖ, ఏళ్లూ పూళ్లూ.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో బ్రయన్ ముల్లన్ఫీ అని ఒకాయన ఉండేవాడు. పడమటి ప్రాంతాలకి వలసపోతూ ఆ ఊరి మీదుగా వెళ్లే బీదల కోసం ఆస్తిలో మూడోవంతు రాసిపెట్టి 1851లో చనిపోయాడు. కాలక్రమాన అలా వెళ్లేవాళ్లు కరువయ్యారు, ఆ డబ్బు దేనికి వాడాలో తెలియక తలలు పట్టుకున్నారు. అచ్చం మా పక్క ఊరి సత్రమే. ఇలాంటివి చూసి, క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకు అధ్యక్షుడు 1914లో ఒక దారి కనిపెట్టాడు. దాతలు ఎందరైనా నిధి ఒకటే. అసలు ముట్టుకోరు, దాని మీద వచ్చే ఆదాయమే ఖర్చు. ఏ ఏడాది దేనికి ఖర్చుపెట్టాలో ఊరి పెద్దల సంఘం ఆ నాటి అవసరాన్ని బట్టి తేలుస్తుంది. దాత రాసిన పని కాలం చెల్లిపోతే దానికి దగ్గరగా ఉన్న మరో పనికి మళ్లించే అధికారం ఆ సంఘానికి ముందే రాసిస్తారు. పోయినవాళ్ల షరతులు బతికున్నవాళ్లని కట్టిపడేయకూడదన్నది ఆయన వాదన. దాన్నే కమ్యూనిటీ ఫౌండేషన్ అన్నారు. మన దేశంలోనూ 1991లో బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టు ఆ పద్ధతిలోనే మొదలైంది. నాకు ఇది పరాయి సరుకనిపించలేదు. దశబంధంలో నిలకడ, వారాల్లో చూపు, ఈ రెండూ ఒకచోట చేరిస్తే వచ్చేది ఇదే. ఊరుమ్మడి నిధి అని నేనంటాను.

ఆపద వచ్చినప్పుడు మనవాళ్ల చెయ్యి ఎన్నడూ వెనక్కి పోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఊళ్లకి ఊళ్లు పోతే సినిమానటులు రామారావుగారు, నాగేశ్వరరావుగారు జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. చేతిగాజులు తీసి ఇచ్చిన ఆడవాళ్లున్నారు. 1996 నవంబరులో తుపాను మా కొబ్బరిచెట్లన్నీ విరిచి పడేసినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో బియ్యం, బట్టలు లారీల్లో పంపారు. ఇప్పటి పిల్లలు కూడా వరదలొస్తే నడుంలోతు నీళ్లలో దిగి పాలప్యాకెట్లు అందిస్తున్నారు. వాళ్లకి దణ్ణం పెడతాను. కానీ తుపాను లేని రోజుల్లో కూడా ఊళ్లో కష్టం ఉంటుంది. చప్పుడు చేయని కష్టం అది. డయాలసిస్ ఆటో ఖర్చు, ముసలమ్మ కంటి ఆపరేషన్ తర్వాత వారం రోజుల వంట, ఐటీఐలో సీటొచ్చిన కుర్రాడికి పనిముట్ల పెట్టె. దీనికి జోలె పట్టే సినిమానటుడు రాడు. దీనికి కావలసింది ప్రతి ఏడూ నిక్కచ్చిగా వచ్చే కొద్దిపాటి డబ్బు.

ప్రభుత్వం, కంపెనీలు చూసుకుంటాయి కదా అంటారు. ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకి పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ డబ్బు ఎక్కువగా ఫ్యాక్టరీ ఉన్న చోటికే పోతుంది. మా లంకల్లో కంపెనీ ఏదీ? 2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం పీ-4 అని మొదలుపెట్టింది, కలిగినవాళ్లు మార్గదర్శులై ఒక్కో బంగారు కుటుంబాన్ని చూసుకోవాలని. మంచి తలంపే. ఆ మార్గదర్శి వ్యాపారం దెబ్బతిన్నా, ఊరు మారినా ఆ కుటుంబం ఎవరి మొహం చూడాలి? వారాల్లో ఒక ఇల్లు తప్పితే పక్కిల్లు ఉండేది. ఒక్కడి మీద ఆనుకున్న సాయానికి ఆ పక్కిల్లు లేదు.

లెక్కల మాస్టారిని, లెక్క చెప్పకుండా వదలను. నాలుగు వేల గడపలున్న ఊరనుకోండి. గడపకి రోజుకో రూపాయి. ఏడాదికి 14,60,000 రూపాయలు. పదేళ్లు ముట్టుకోకుండా కూడబెడితే, మధ్యలో వచ్చే వడ్డీ వదిలేసినా, 1 కోటి 46 లక్షలు. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి పది లక్షల పైమాటే. ధరలు పెరుగుతాయి గనక ఆ ఏడు శాతంలోంచి రెండు శాతం తిరిగి అసల్లో కలిపేసినా, ఖర్చుకి ఏడు లక్షల ముప్పై వేలు చేతిలో ఉంటాయి. ఆ ఏడాదికే కాదు, మన మునిమనవల నాటికి కూడా. రోజుకో రూపాయి ఇవ్వలేని గడప ఉంటే వాళ్లని అడగొద్దు. వాళ్ల వంతు వేసుకునే గడపలు మా ఊళ్లో బోలెడు.

రోజుకో రూపాయి అని నేను గాల్లోంచి తీయలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ జిల్లా ఆడవాళ్లే ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. ఆ పొదుపు సంఘాలే రాష్ట్రమంతా పాకాయి. నిరక్షరాస్యులని మనం తీసిపారేసినవాళ్లు నెలనెలా గుండ్రంగా కూర్చుని, ఎవరెంత కట్టారో బిగ్గరగా చదివించుకుని, తీర్మానాల పుస్తకంలో వేలిముద్రలు వేసి, బ్యాంకుల చేత శభాష్ అనిపించుకున్నారు. ఊరుమ్మడి నిధికి కోశాధికారి ఎవరని అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంది. ఇరవై ఏళ్లుగా డ్వాక్రా పుస్తకం రాస్తున్న ఆడపడుచు ఎవరైనా సరే, నాలాంటి రిటైర్డు మాస్టార్లకంటే నయం.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్‌గారు 1969 నుంచి చేసిన పనికి డబ్బు ఎక్కువగా స్పెయిన్ దేశంలోని మామూలు జనం నుంచి వచ్చింది. నెలకి కొంత చొప్పున, ఎన్నడూ చూడని పిల్లల కోసం పంపారు. ఆయన సంస్థే తర్వాత ఇక్కడి పల్లెల్లో ఇళ్లకి హుండీలు ఇచ్చి, మనవాళ్ల చేత మనవాళ్ల కోసం చిల్లర దాయించింది. కరువు సీమలో, ఒకప్పుడు సాయం పుచ్చుకున్నవాళ్లే ఆ హుండీల్లో వేశారు. డెల్టాలో రెండు పంటలు పండించుకునే మనకి చేతకాదా?

నమ్మకం ఏమిటని అడుగుతారు. అడగాలి కూడా. ఊరి డబ్బు ఊళ్లోనే ఉన్నంత మాత్రాన మంచి జరగదు. నిజామాబాదు వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఊరుమ్మడి డబ్బుతో బడులు బాగుచేసిన మాట నిజం. వాటిలో కొన్ని జరిమానాలు వేసి, మాట వినని కుటుంబాలని, కులాలని వెలివేసిన మాటా నిజమే. నలుగురు పెద్దమనుషుల గుప్పిట్లోకి పోతే మంచి డబ్బు కూడా కర్రపెత్తనం అవుతుంది. అందుకని మొదటి రోజే దస్తావేజులో రాసుకోవాలి. ఇవ్వడం ఎవరికీ బలవంతం కాకూడదు. సంఘంలో సగం మంది ఆడవాళ్లు. దళితవాడ మనుషులు లేకుండా ఏ తీర్మానమూ చెల్లకూడదు. ఎవరూ రెండు విడతలకి మించి ఉండకూడదు, ఒక ఇంటి నుంచి ఇద్దరు ఉండకూడదు, తమ బంధువుకి సాయం చర్చకొస్తే లేచి బయటకి వెళ్లాలి. పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు దూరం. డబ్బు జాతీయ బ్యాంకు డిపాజిట్లలో తప్ప ఎవరి వ్యాపారంలోనూ పెట్టకూడదు. ఏటా ఆడిటు. పద్దంతా పంచాయతీ ఆఫీసు గోడ మీద, చదువు రానివాళ్ల కోసం గ్రామసభలో చదివి వినిపించాలి. సాయం పుచ్చుకున్నవాళ్ల పేర్లు మాత్రం గోడకెక్కకూడదు. ఆ పుట్టినరోజు ఫోటోలు ఇందులోకి రాకూడదు.

దాత పేరు కావాలంటే తప్పేం లేదు. కన్నవాళ్ల పేరు నిలబెట్టుకోవాలన్నది మన రక్తంలో ఉంది. ఉమ్మడి నిధిలోనే మా అమ్మ పేర ఒక పద్దు, మీ తాతగారి పేర ఒక పద్దు విడివిడిగా రాసుకోవచ్చు. ఆవిడ పేర ఏటా ఇద్దరు ఆడపిల్లలకి ఫీజు కడితే, ఆర్చి మీద ఎండకి వెలిసిపోయే అక్షరాలకంటే ఆ పేరు ఎక్కువ కాలం పలుకుతారు.

కాగితాల పని గురించి భయపడొద్దు. పబ్లిక్ ట్రస్టు దస్తావేజు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి, ఆదాయపు పన్ను వారి దగ్గర ట్రస్టు నమోదు, దాతలకి పన్ను మినహాయింపు ఇచ్చే అనుమతి తెచ్చుకోవాలి. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి ఇచ్చిన దానిమీద కొంత మినహాయింపు వస్తుంది, రెండు వేలు దాటిన నగదుకి రాదు. కొత్త పద్ధతిలోకి మారినవాళ్లకి అదీ లేదు. లేకపోతే ఇవ్వరా? వారం పెట్టిన మా అమ్మకి ఏ మినహాయింపు వచ్చింది? విదేశాల్లో ఉన్న పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ట్రస్టు తీసుకోకూడదు. ప్రేమ కొద్దీ పంపించి, ఊరివాళ్లని చిక్కుల్లో పెట్టొద్దు.

సంక్రాంతికి మా ఊరు మళ్లీ నిండుతుంది. హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్ అందరూ వస్తారు. ఈ నిధి సంగతి మాట్లాడుకోవడానికి ముక్కనుమ రోజు పొద్దున్న హైస్కూలు ఆవరణలో కూర్చుందామని ఇంటింటికీ చెప్పించాను. దళితవాడ నుంచి, మత్స్యకారుల పేట నుంచి రావడానికి ఒప్పుకున్నారు. డ్వాక్రా సంఘాల వాళ్లు తమ లీడర్లని పంపుతామన్నారు. అప్పుడే తగువు కూడా మొదలైంది. వడ్డీ వచ్చేదాకా ఏమీ ఖర్చుపెట్టొద్దని కొందరు, మొదటి ఏడాదే కొంత తీసి డయాలసిస్ మనిషి ఆటో ఖర్చు కట్టాలని కొందరు. నేను రెండో పక్షం, అసలు ముట్టుకోకూడదని ఇంత చెప్పినవాణ్ణైనా సరే. కాకపోతే ఆ ఖర్చుకి అసల్లోంచి తీయకుండా వేరే చందా వేసుకుందాం అంటాను. అక్కడ కూర్చుని తేల్చుకుందాం. ట్రస్టీలుగా సంతకం పెట్టదలచినవాళ్లు ఆధార్, పాన్ కార్డులు, రెండు ఫోటోలు తెచ్చుకోండి. పండగ సెలవుల్లో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఉండదు గనక, అది తెరిచే రోజు దాకా ఊళ్లో ఉండేలా తిరుగు టిక్కెట్లు చూసుకోండి.